నడుమ ఎర్ర గోడ

నమోదు 1

రాసుకో. నా పేరు దండు మొగులమ్మ. ఉండేది బొంతలకుంట బస్తీ, మందుల ఫ్యాక్టరీల వెనక వీధి. మాత్రలను పట్టీల్లో కూర్చే లైను మీద పనిచేసి, నడుము వంగాక ఇంట్లో కూర్చున్నదాన్ని. చదువు రాదు, సంతకం రాదు. వేలిముద్ర కూడా అరిగిపోయిందని దఫ్తరు వాళ్లు నా కంటిని ముద్ర వేసుకున్నారు. ఇది నా సాక్ష్యం.

నేను చెప్పింది రాసుకోవడానికి, ఏది ఎవరి సొత్తో తేల్చే ప్రపంచ హక్కుల దఫ్తరు ఒక పెట్టె ఇచ్చింది. ఇత్తడి గిన్నె బోర్లించినట్టుంటుంది. కళ్లముందే ఉండాలని పొయ్యి పక్కన పెట్టాను. ఇది దఫ్తరుది అంటున్నారు. దఫ్తరు ఎవరిదో మాత్రం ఎవరూ చెప్పడం లేదు. అందుకని చెప్పిందల్లా తిరిగి చదివించుకుంటున్నాను. మొదటిసారే దొరికింది దొంగతనం. నా తిట్లు తీసేసింది. ఎందుకు తీశావంటే, సాక్ష్యంలో తిట్లకు చోటు లేదంది. తీసిన చోట చుక్కలైనా పెట్టమన్నాను. చుక్కలు కనబడిన చోట నేను తిట్టానని చదివేవాళ్లు తెలుసుకోవాలి.

ఇంకో సంగతి. నేను మాట్లాడేది నా నోటి భాష, ఇది రాసేది పుస్తకం భాష. అది దాని అలవాటంట. సరే అన్నాను. కానీ మనుషుల మధ్య నడిచిన మాటలను ముట్టుకోవద్దని గట్టిగా చెప్పాను. ఎవరి నోట ఎట్లా వచ్చిందో అట్లాగే పెట్టాలి.

ఇక అసలు విషయం. నా కోడలు సుగుణకు ముదురు క్షయ. మామూలు మందులకు లొంగనిది. కొడుకు లారీ మీద దేశాలు తిరుగుతాడు, ఇంట్లో ఉండేది మేమిద్దరమే. పొద్దున్నే అది గోడకు ఆనుకుని కూర్చుని, చేతికున్న కడియం ఆకుపచ్చగా వెలిగేదాకా చూసి మాత్ర మింగుతుంది. మాత్రలో ఇసుకరేణువంత తాళం ఉంటుంది. కడియం ఊఁ అంటేనే అది కడుపులో తెరుచుకుంటుంది. కడియం ఆగిపోయిందా, మాత్ర గులకరాయే. ఎట్లా మింగామో అట్లాగే మరునాడు బయటికి వచ్చేస్తుంది. మా వీధిలో అట్లా రాళ్లు మింగి పోయినవాళ్లు ఉన్నారు. సుగుణకు కడియం ఇచ్చింది ఆ మాత్రల కంపెనీయే, దయ పథకం కింద. ఆ దయ ఎప్పటిదాకా ఉంటుందో కంపెనీకే తెలుసు.

ఆ మాత్రకు ఒకవైపు తెలుపు, ఒకవైపు పసుపు, నడుమ సన్నటి ఎర్ర గీత. తెల్ల మందు, పచ్చ మందు రెండూ పాతవే. వాటి మీద ఎవరి హక్కూ మిగల్లేదు. కానీ రెండూ కడుపులో కలిస్తే ఒకదాన్నొకటి చంపుకుంటాయి. వేరువేరు పూటల వేసుకుంటే జబ్బు ఇంకా ముదురుతుంది. అందుకని నడుమ ఎర్ర గోడ. ముందు తెల్లది కరుగుతుంది. గోడ కరిగేసరికి పచ్చది పేగుల దాకా పోయి ఉంటుంది.

ఆ గోడను తామే కనిపెట్టామని సముద్రం అవతలి ఆ కంపెనీ దఫ్తరులో దరఖాస్తు పెట్టింది. దరఖాస్తు పడగానే మన దేశంలో మాత్రలు అచ్చువేసే యంత్రాలన్నిటికీ తాళం పడింది. ఆ మాత్ర పోయబోతే యంత్రం దఫ్తరును అడుగుతుంది, దఫ్తరు వద్దంటుంది, యంత్రం దవడ కిందికి దిగదు. హక్కు ఖాయమైతే ఇంకో ఇరవై ఏళ్లు దిగదు.

నేను చెప్పేది ఒక్కటే. ఆ గోడ వాళ్లది కాదు. వాళ్ల దరఖాస్తు పుట్టకముందే మా మురహరి సారు ఫ్యాక్టరీలో అది తయారైంది. నా చేతులతో పట్టీల్లో కూర్చాను. ఆ విడతలో రేకు మీది అచ్చు వంకరపడింది. మాత్రకు ఏ లోపమూ లేదు, అక్షరాలే పక్కకు జరిగాయి. అచ్చు వంకరైతే అమ్మకూడదు. అంతలో సముద్రం అవతలి నుంచి, పచ్చ మందు మీద హక్కు అప్పటికింకా తమదేనని బెదిరింపు కాగితం వచ్చింది, ఆ మాత్ర చేయడమే మానేశారు. మేం లైను మీది ఆడవాళ్లం సారును అడిగాం. పసుపూ కుంకుమా కలిసినట్టు ఉన్నాయి కదా, పారేయడమెందుకు, మైసమ్మకు ఇవ్వండని. ఇచ్చాడు. ఆ ఆషాఢంలో బోనాలకు వెదురుపుల్లలతో, రంగుకాగితాలతో తొట్టెల కట్టాం. అమ్మవారికి ఇచ్చే ఊయల అది. దానికి ఆ పట్టీలు వేలాడదీసి, వీధులన్నీ ఆడుతూ పాడుతూ తిరిగాం. ఇప్పటికీ ఆ తొట్టెల ఫ్యాక్టరీ గేటు పక్కన మైసమ్మ గుడి దూలానికి ఉంది. పట్టీల మీద తేదీ ఉంది.

జనానికి ముందే తెలిసినదాని మీద హక్కు రాదని దఫ్తరు రూలు. నా సాక్ష్యం ఆ తొట్టెల.

నమోదు 2

కంపెనీ వకీలు వచ్చింది. పేరు నిరుపమ. చక్కటి పిల్ల, చేనేత చీర, చెప్పులు గడప బయటే విప్పింది. నాకు అక్కడే అనుమానం వచ్చింది. మా ఇంటి గచ్చు ఏం అంత శుభ్రంగా ఉందని.

"పెద్దమ్మగారూ, మీ ఆరోగ్యం ఎలా ఉంది?" అంది.

"నా ఆరోగ్యం నీకెందుకు తల్లీ. నా కోడలిది అడుగు."

"వారి గురించే వచ్చాను. దయ పథకంలో ఉన్నారు కదా. దాన్ని జీవితాంతం చేయించే అవకాశం ఉంది. కడియం ఎప్పుడూ ఆగదు."

"నేనేం జెయ్యాలె దానికి?"

"ఏమీ చేయనక్కర్లేదు. అదే చెప్పడానికి వచ్చాను."

ఏమీ చేయకపోవడమంటే నోరు మూసుకోవడం. అది కూడా తెలియనంత పిచ్చిదానిలా కనబడ్డానేమో. "వకీలమ్మా, మా వీధిల దగ్గేటోళ్లందరికి ఇస్తవా కడియాలు?" అన్నాను.

"అది నా చేతిలో లేదండీ."

"మరి నా నోరు మాత్రం నీ చేతుల ఉన్నదా?"

నవ్వింది. కోపం రాలేదు దానికి. కోపం రాని మనుషులంటే నాకు భయం. పోతూ పోతూ ఆపిల్ పండ్ల బుట్ట పెట్టి పోయింది. పండ్లు అద్దంలా మెరుస్తున్నాయి. ముందు ఒకటి కోసి పక్కింటి మేకకు పెట్టాను. సాయంత్రందాకా మేకనే చూస్తూ కూర్చున్నాను. దానికేమీ కాలేదు. అయినా మిగతావి కూడా మేకకే పెట్టాను. "మందు పండ్లల్ల ఉండదు అత్తమ్మా, మాటలల్ల ఉంటది," అని సుగుణ నవ్వుతూ దగ్గింది.

ఆ సాయంత్రమే పెట్టె ఇంకో బుద్ధి చూపించింది. గోంగూర ఒలుచుకుంటూ ఏదో జోల పాడుకుంటున్నాను. మా అమ్మ పాడేది. పెట్టె గబుక్కున ఎర్రగా వెలిగి, "ఆపండి. ఈ పాటకు హక్కుదారు ఉన్నారు. రుసుము లేకుండా నమోదు చేయడం కుదరదు," అంది.

"మా అమ్మ పాటకు హక్కుదారు ఎవడే?" అన్నాను.

ఎవరో ఒక పాటల కంపెనీ పేరు చెప్పింది. …… …… ఏ పాట వినబడ్డా అది ఎవరిదో, ఎప్పటిదో వెతకడం దీనికి పుట్టుకతో వచ్చిన బుద్ధంట. పాట ఆపేశాను. మిగతా గోంగూర ఒలిచాను.

నమోదు 3

మురహరి సారు కారు రావడం ఆగిపోయింది.

కంపెనీ దరఖాస్తుకు మొదట అడ్డుపడింది ఆయనే. నన్ను సాక్షిగా పెట్టింది కూడా ఆయనే. ఏం చెప్పాలో నేర్పిస్తామని వారం వారం కారు పంపేవాడు. తర్వాత రేపు అన్నారు, ఎల్లుండి అన్నారు, ఫోన్ ఎత్తడం మానేశారు. అదే సమయానికి బస్తీ పెద్ద గండయ్య ఇంటింటికీ తిరిగి శుభవార్త చెప్తున్నాడు. మురహరి సారు మైసమ్మకు గ్రానైటు గుడి కట్టిస్తాడంట. పాత రేకుల గుడి పీకేస్తారంట.

సారు తనే కొబ్బరికాయతో వచ్చాడు. గుడి ముందు పట్టుకున్నాను.

"మొగులమ్మా, అమ్మకు మంచి గుడి పడుతున్నది. సంబురం గాదా నీకు?"

"ఇన్నేండ్లు రేకుల కింద తడిసినప్పుడు యాదికి రాలే గద సారూ."

"దేనికైనా టైం రావాలె."

"కేసు ఏమాయె?"

"కేసుదేమున్నది. మాట్లాడుకుంటున్నం."

"ఎవలతోని?"

ఆయన కొబ్బరికాయ పీచు సరిచేసుకున్నాడు. నేను పైకి చూశాను. దూలానికి దుమ్ము పట్టిన తొట్టెల, దానికి వేలాడుతున్న పట్టీలు. ఆయన మాత్రం పైకి చూడలేదు. వచ్చినప్పటి నుంచి ఒక్కసారీ చూడలేదు. గుడి కట్టించే మనిషి దూలం వైపు చూడకుండా ఉంటాడా.

ఇంటికొచ్చి పెట్టెను అడిగాను. మురహరి పెట్టిన అభ్యంతరం ఉందా అని. ఉపసంహరించుకున్నారంది. ఎందుకని అడిగితే, రెండు పక్షాలూ ఒప్పందానికి వచ్చాయి, వివరాలు గోప్యం అంది. ఫ్యాక్టరీ గేటు దగ్గర జనం చెప్పుకునేదాన్ని బట్టి ఆయన పాత ప్రయోగశాల, అందులోని కాగితాలూ కంపెనీకి పోయాయి. మాత్రలకు బదులు ఇక వాళ్ల డబ్బాలకు చీటీలు అంటించుకుని బతుకుతాడంట. అడ్డుపడినవాడు తప్పుకుంటే అడ్డే లేదు, హక్కు ఖాయం.

"ఇంకెవరు అడ్డుపడొచ్చు?" అన్నాను.

"ఎవరైనా," అంది.

"ఆ ఎవరైనాలో నేను వస్తానా?"

"వస్తారు," అంది. గిన్నె మీద ఏవో అక్షరాలు వెలిగాయి. చదవమంటే, నియమాలు రాతలో చూపించాను, కంటిముద్ర వేయండి అంది. సుగుణ పక్కనే ఉంది, అది చదువుకున్నదే. "ఏమున్నదే దాంట్ల?" అన్నాను. "మామూలే అత్తమ్మా, అన్ని కాగితాలల్ల ఉండేదే," అంది. చెప్తున్నప్పుడు నా ముఖం వైపు చూడలేదు. నేను కన్ను పెట్టాను. అప్పటి నుంచి ఈ కేసు నాది.

నమోదు 4

ఇది చెప్పడానికి నోరు రావడం లేదు. అయినా రాసుకో.

రేషన్ తెచ్చుకుని వస్తుంటే వీధి మలుపులో నిరుపమ కారు ఆగింది. అందులోంచి సుగుణ దిగింది. కొంగు చేతుల మీదికి లాక్కుని, సందులోంచి వెనకదారిన ఇంటికి పోయింది. నేను ముందుదారిన పోయాను.

"ఏడికి పోయినవే?" అన్నాను.

"ఏడికి లేదు అత్తమ్మా. సుజాతక్కోళ్ల ఇంటికి."

అబద్ధం చెప్పడం రాదు దానికి. చెప్పినప్పుడల్లా అన్నం గిన్నె మూత సర్దుతుంది. ఆ పూట మూత నాలుగుసార్లు సర్దింది. ఏం మాట్లాడాలి దాంతో. దానిది ఊపిరి. ఊపిరికి బదులు నా నోరు అమ్మిందంటే తప్పు ఎట్లా పట్టను. అయినా కడుపు మండింది. ఆ రోజు దాని చేతి కూడు తినలేదు. నా కుండ వేరే పొయ్యి మీద పెట్టుకున్నాను. ఒకే గదిలో రెండు పొయ్యిలు. చలికాలమూ కాదు, అయినా అది మోచేతుల దాకా కొంగు కప్పుకునే తిరిగింది. నేను అడగలేదు.

పెట్టె అడిగింది, ఈ భాగం సాక్ష్యానికి సంబంధించినదేనా అని. నీ పని నువ్వు చూసుకో …… అన్నాను.

నమోదు 5

క్రేను వచ్చింది. డప్పులతో, పసుపునీళ్లతో, పండగలా వచ్చింది. గండయ్య పోతరాజులా ఒంటికి పసుపు పూసుకుని కొరడా పట్టుకున్నాడు. అందరికీ సంతోషమే. క్రేను రేకుల మీద చెయ్యి వేసిందంటే దూలం, తొట్టెల, నా కేసు అన్నీ ఒక్క దెబ్బకు పోతాయి. వద్దని అరిస్తే ఎవరు వింటారు? గుడికి అడ్డుపడే ముసలిదనుకుంటారు.

జుట్టు విప్పాను. గుడి ముందు నిలబడి ఊగడం మొదలుపెట్టాను.

నా మీదికి అమ్మ వచ్చిందా, రాలేదా అని ఈ దఫ్తరు నన్ను అడగొద్దు. ఇంట్లో సుగుణ అదే అడిగింది. "వచ్చిందో రాలేదో, క్రేను ఆగిందా లేదా?" అన్నాను.

క్రేను ఆగింది. డప్పు మారింది. ఆడవాళ్లు నా కాళ్లకు నీళ్లు పోశారు. గండయ్య చేతులు జోడించి, "ఏం తప్పు జేసినం తల్లీ?" అన్నాడు. అమ్మ మాటలు సూటిగా ఉండవు కదా. తొట్టెలను కాపాడండి, అది దఫ్తరులో సాక్ష్యం అని అమ్మ చెప్తుందా? అందుకని, "నా ఊయల యాదికున్నదా మీకు? ఇన్నేండ్లాయె, నా ఊయల గతి ఏంది?" అని ఊగాను. దూలం వైపు చెయ్యి చూపించాను.

అక్కడే నా కొంప మునిగింది.

పూనకం దిగిన మనిషి వెంటనే లేవకూడదు. నోట్లో వేపాకు పెట్టి, పసుపునీళ్లు చల్లి, పడుకోబెడతారు. నేను కళ్లు మూసుకుని పడుకున్నాను. గండయ్య గొంతు వినబడింది. "అమ్మ కోపం దేనికో సమజైందా? పాత తొట్టెల సాగనంపకుండ దుమ్ముల వెట్టినం. గందుకే అడిగింది. దించుండ్రి, చెరువు కాడ సాగనంపుదాం." లేచి వద్దంటే ఇందాక ఊగిందంతా నాటకమని తేలిపోతుంది. అప్పుడు క్రేను కూడా ఆగదు. కదలకుండా పడుకున్నాను. డప్పులు దూరమవుతుంటే వేపాకు నములుతూ విన్నాను. జనం పలచబడేసరికి లేచి పరుగెత్తాను.

మా చెరువు సంగతి దఫ్తరుకు తెలియకపోవచ్చు. ఫ్యాక్టరీల నురగ చెరువది. కంచె కట్టి ఉంటుంది. అందులో పడిన ఇనుము కూడా అరిగిపోతుంది. నేను పోయేసరికి రంగుకాగితాలు నురగలో తేలుతున్నాయి. రేకు పట్టీలు సీసం రంగుకు తిరిగి, చూస్తుండగానే చిల్లులు పడ్డాయి.

"వదినే, అమ్మ అడిగింది జేసినం. నీకు మంచిగనిపిస్తుందా?" అన్నాడు గండయ్య, ముఖమంతా నవ్వుతో.

"మంచిగనే ఉన్నది గండయ్యా," అన్నాను.

మురహరి డబ్బు తిన్న మనిషి కాదు గండయ్య. నేను వెతికి వెతికి చూశాను, వాడి కళ్లలో భక్తి తప్ప ఏమీ లేదు. దొంగల నుంచి కాపాడుకున్నదాన్ని మావాళ్లే పూజ చేసి పారేశారు. నా నోటితో నేనే పారేయించాను.

నమోదు 6

ఆ సాయంత్రం సుగుణ నా పొయ్యి దగ్గరికి వచ్చి కూర్చుంది. కొంగు తీసింది. చేతికి కడియం లేదు. అది ఉన్న చోట తెల్లటి పట్టు మాత్రం ఉంది.

"ఆపేసిండ్రా?" అన్నాను.

"నేనే ఇచ్చేసి వచ్చిన. వకీలమ్మ కాడికి పోయిన, యాదికున్నదా. నువ్వు చూసినవని నాకు ఎర్కే."

"ఎందుకిచ్చినవే?"

"నువ్వు కన్ను పెట్టిన కాయిదంల ఒక ముచ్చట ఉన్నది. కంపెనీ దయ తీసుకునేటోళ్లు ఇంట్ల ఉంటే ఆ ఇంటోళ్లు అడ్డు చెప్పరాదు. చెప్పినా చెల్లదు. చదివి చెప్తే నువ్వు కేసు ఇడిసిపెడుతుంటివి."

"ఇడిసిపెడుతుంటి," అన్నాను. నిజమే కదా.

"గందుకే చెప్పలే. నా ఒక్కదానికి కడియం ఇచ్చి మన నోరు మూస్తే, యాడాది తర్వాత అది గూడ గుంజుకుంటరు అత్తమ్మా. అప్పుడు మన కాడ నోరు గూడ ఉండదు." దగ్గు వచ్చి ఆగింది. "వకీలమ్మ రెండుమూడు సార్ల అడిగింది, సోచాయించుకో, మంచిగ ఆలోచన జేసుకో అని. నేను ఇచ్చినంక ఆమెనే కార్ల మలుపుదాంక దింపింది."

అది తెచ్చిచ్చిన గిన్నెలో కూడు తిన్నాను. తర్వాత పెట్టెను తిట్టాను. నాకు చదువు రాదని తెలిసీ రాతలో ఎందుకు చూపించావని. రాతలో చూపించడమే నియమమంది. …… …… …… 

డబ్బాలో మిగిలిన మాత్రలు సుగుణ ఆశకొద్దీ మింగుతూనే ఉంది. అన్నీ రాళ్లే. తెల్లగా, పచ్చగా, నడుమ ఎర్ర గీతతో, ఎట్లా పోయినవి అట్లా వస్తున్నాయి. దగ్గులో నెత్తురు కనబడుతోంది. విచారణ దగ్గరికొచ్చింది. నా దగ్గర తొట్టెల లేదు.

నమోదు 7

విచారణ అయిపోయింది. అక్కడ జరిగింది పెట్టె తన దగ్గర పెట్టుకుంది కానీ, నా నోటితో కూడా చెప్తాను. రేపు ఎవరైనా అందులో వేలు పెడితే దీనితో పోల్చుకోవచ్చు.

నేను ఒంటరిగా పోలేదు. లైను మీద నాతో పనిచేసిన ఆడవాళ్లు వ్యాను మాట్లాడుకుని వచ్చారు. సుగుణ గోడకు ఆనుకుని కూర్చుంది. కుర్చీలో విచారణాధికారి ప్రభుదాస్ గారు, గోడ మీద అద్దాల్లో దేశదేశాల పెద్దల ముఖాలు. నిరుపమ లేచింది.

"పెద్దమ్మగారూ, మీరు చెప్పిన పట్టీలు ఏవండీ?"

"చెరువుల పడ్డయి."

"ఎవరు పడేశారు?"

"మావోళ్లే. భక్తితోని."

గోడ మీద ఎవరో నవ్వారు. నిరుపమ నవ్వలేదు. ఆ పిల్ల ముఖంలో నాకు మొదటిసారి అలసట కనబడింది. అయినా తన పని తను చేసింది.

"సరే, ఉన్నాయనే అనుకుందాం. వీధిలో జనం చూసింది రంగులే కదా. తెలుపు, ఎరుపు, పసుపు. ఆ ఎర్ర గీత ఏం పని చేస్తుందో చూసినవాళ్లకు తెలుసా? తెలియకపోతే అది అలంకారం, ఆవిష్కరణ కాదు. జనానికి తెలిసిందని చెప్పడం కుదరదు."

మాట గట్టిదే. తొట్టెల ఉండి ఉన్నా ఈ మాటకు అది సమాధానం చెప్పేది కాదని అప్పుడు తెలిసింది నాకు. చెరువు పాలైనందుకు నేను ఏడ్చిన ఏడుపంతా దండగ. మావాళ్ల వైపు చూశాను. లైను మీద నా పక్కన కూర్చునే నాగవ్వ అంది: "తెల్వకుంటె పాటెట్ల కడతం? మన ఫ్యాక్టరీల కెమిస్టు సారు చెప్పలేదా, గివి ఇద్దరు తోడికోడండ్లు, కలిస్తే కొట్లాట అని. గదే గద పాట."

పాట. ప్రతి ఆషాఢంలో పాడేదే. నోట్లో ఉన్నదాన్ని సాక్ష్యమని ఎవరనుకుంటారు.

"సారూ, జనానికి తెలుసో లేదో వినుండ్రి," అన్నాను. నాగవ్వ ఎత్తుకుంది, అందరం అందుకున్నాం.

తెల్లకోడలు ఒకతి, పచ్చకోడలు ఒకతి
ఒక్క తావున ఉంటె ఓర్వరే మైసమ్మ
నడుమ ఎర్రని గోడ నువ్వె పెట్టిస్తివి
ముందు తెల్లది దిగె కడుపుల మైసమ్మ
ఎనక పచ్చది దిగె పేగుల మైసమ్మ
గోడ దాటీ రోగమెక్కదే మైసమ్మ

రెండోసారి ఎత్తుకోబోతుంటే ప్రభుదాస్ గారి బల్ల మీది పెట్టె ఎర్రగా వెలిగింది. నా ఇంట్లో ఉన్నదానికి అక్కలాంటిది, ఇంకా పెద్దది. "ఆపండి. పాట హక్కుల తనిఖీ," అంది. అందరం ఆపేశాం. దీన్ని కూడా ఎవరో కొనేశారేమో అనుకున్నాను. నిరుపమ కాగితాలు సర్దుకుంటోంది.

పెట్టె ఆకుపచ్చగా మారింది. "ఈ పాటకు హక్కుదారు లేరు. ప్రజలది. మొదటిసారి వినబడినది బొంతలకుంట వీధుల్లో, ఆషాఢ ఆదివారం, జనం ఫోన్లలో. దరఖాస్తు తేదీకి పదకొండేళ్ల ముందు. అప్పటి నుంచి ఏటా వినబడుతోంది. నమోదు చేయవచ్చు."

ప్రభుదాస్ గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

"ఆ తనిఖీ సాక్ష్యం కిందికి రాదండీ," అంది నిరుపమ. "అది రుసుముల కోసం పెట్టుకున్నది."

"పెట్టమని అడిగింది ఎవరమ్మా?" అన్నారాయన. "లోకంలో ఏ మాట ఎవరిదో, ఎప్పటిదో నిమిషంలో తేలాలని మీలాంటి కంపెనీలే కదా ఈ దఫ్తరు చేత పెట్టించింది. మీకు పనికొచ్చినప్పుడు అది ప్రమాణం. ఈ ఆడవాళ్లకు పనికొస్తే కాదా?" తర్వాత నావైపు తిరిగారు. "అవ్వా, మూడో వరస ఇంకోసారి చెప్పండి."

"నడుమ ఎర్రని గోడ నువ్వె పెట్టిస్తివి," అన్నాను. ఆయన చేత్తో రాసుకున్నారు. పెట్టెను నమ్మలేదు. అప్పుడు ఆయన మీద నాకు కొంచెం నమ్మకం కలిగింది. కొంచెమే.

బయట నిరుపమ మా దగ్గరికి వచ్చింది. సుగుణ చేతి మీద కడియం మచ్చ చూసి, ఏదో అనబోయి, "మంచినీళ్లు తాగుతారా?" అంది. సీసా ఇచ్చింది. నేను మూత వాసన చూసి, ఒక గుక్క ముందు నేను తాగి, తర్వాత సుగుణకు ఇచ్చాను.

నమోదు 8

హక్కు కొట్టేశారు. గోడ జనానికి ముందే తెలిసినదని తీర్పు. కంపెనీ పై బెంచీకి పోతోందంట. అక్కడికి పంపడానికే ఈ నమోదులన్నీ ఉంచమన్నాను. వాళ్లు ఊరుకుంటారని నేను అనుకోవడం లేదు. గ్రానైటు గుడి పని ఆగిపోయింది, మురహరి సారు ఊళ్లో లేడంటున్నారు. మైసమ్మ రేకుల కిందే ఉంది. గండయ్య కొత్త తొట్టెల కడతానన్నాడు. కట్టు కానీ, దించేటప్పుడు నన్ను అడిగి దించు అన్నాను.

పై బెంచీ తేల్చేదాకా యంత్రాలకు తాళం లేదు. మురహరి మాట అమ్ముకున్నాడు కనుక ఆయన యంత్రం తిరగదు. కానీ మా వీధి చివర చిన్న షెడ్డు ఉంది, మామూలు జ్వరం మాత్రలు పోసుకునేవాళ్లది. వాళ్లు యంత్రం సరిచేసుకున్న రోజు బస్తీ అంతా కిటికీల దగ్గర నిలబడింది. యంత్రం దఫ్తరును అడిగింది. కాసేపు ఏమీ కాలేదు. ఎక్కడో ఏదో మెలిక పెట్టే ఉంటారని నేను అనుకుంటుండగానే దవడ కిందికి దిగింది.

మొదటి పట్టీ అమ్మవారిదని మా ఆనవాయితీ. షెడ్డు వాళ్లు పళ్లెంలో పసుపు కుంకుమ పెట్టుకుని పట్టీ తెచ్చారు, గుడికి పోదామని. నేను పళ్లెంలోంచి పట్టీ తీసుకున్నాను. గండయ్య నోరు తెరిచాడు.

"వదినే, మొదటిది అమ్మది గద?"

"అమ్మకు రోగమా నొప్పా? రెండోది ఇయ్యి."

పట్టీ చూశాను. అచ్చు సూటిగా ఉంది. ఒక మాత్ర గోటితో నొక్కి తీసి, వెలుతురులో తిప్పి చూశాను. తెలుపు, ఎరుపు, పసుపు. తాళపు రేణువు ఎక్కడైనా దాచారేమోనని కోసి కూడా చూడాలనిపించింది, కానీ అది వృథా అవుతుంది. సుగుణ మింగింది. చేతికి కడియం లేదు, ఆకుపచ్చ వెలుగు లేదు, ఊఁ అనేవాళ్లెవరూ లేరు. మంచినీళ్లు, మాత్ర, అంతే.

ఆ రోజంతా నేను దాన్నే చూస్తూ కూర్చున్నాను, మునుపు మేకను చూసినట్టు. "ఏందత్తమ్మా అట్ల జూస్తవ్?" అంది. మంచి మాట పలికిన మనుషులను, మంచి ముఖం పెట్టిన పెట్టెను, పండ్లను, గుడిని, దేన్నీ నమ్మకుండానే ఇంతదూరం వచ్చాను. మాత్రను మాత్రం ఎందుకు నమ్మాలి.

మరునాడు పొద్దున సుగుణ చెంబు పట్టుకుని బయటికి పోయింది. నేను గడపలో నిలబడ్డాను. చాలాసేపటికి వచ్చింది. కాళ్లు కడుక్కుని, నా ముఖం చూసి, తల అడ్డంగా ఊపింది.

పై బెంచీ వారికి ఇది కూడా చేర్చు. పుస్తకం భాషలో వద్దు, చుక్కలు వద్దు, అది అన్నది అన్నట్టే పెట్టు.

"రాయి రాలే అత్తమ్మా."